సొరకాయ కోతలు

టార్గెట్ దాటి మూడువేల మూటలు ఎక్కువ అమ్మినందుకు
సిమెంటు కంపెనీవాళ్లు పన్నెండుమంది డీలర్లను
విమానం ఎక్కించినారు.
ఎర్రగుంట్ల నుంచి నేనొక్కణ్ణే.
సంచిలో చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ,
పాస్‌పోర్టులో తలకిందులైన పేరు:
దస్తగిరి దూదేకుల.

దక్షిణాఫ్రికా కొసన ఒక చలి ఊరు.
పడవలో పిల్లోడు బకెట్‌లో చేపనెత్తురు కలిపి
సముద్రం మీద చల్లుతున్నాడు,
పెండ్లింటి ముందర కళ్లాపి చల్లినట్టు.
జమ్మలమడుగు డీలరు సుబ్బరాయశెట్టి ముక్కు మూసుకుని
"నాకీ పొద్దు ఏకాదశి" అని ఆ మూల కూర్చున్నాడు.

పంజరం దించినారు.
అందరూ నీళ్లను చూస్తాంటే నేను టాకాలు చూసినా.
అంగడి పెట్టకముందు పదహైదేండ్లు
కిటికీలకు గ్రిల్లులు అతికిన చేయి ఇది.
ఎడమ మూల ఒక టాకా గాలి పట్టి ఉబ్బింది.
చెప్పేదానికి ఇంగ్లీషు రాక వేలితో చూపించినా.
పిల్లోడు నవ్వి బొటనవేలు లేపినాడు.

సరే, దిగినా.

పచ్చి చింతకాయ రంగు నీళ్లు.
చలికి పండ్లు టకటకా కొట్టుకుంటాంటే
మా మిట్టమీది బాయి గుర్తుకొచ్చింది.
ఏడేండ్లప్పుడు మా అక్క మాబున్ని
రెండు ఎండు సొరకాయలు నా వీపుకు కట్టి
నడుముకు మోకు బిగించి
"సావవులే, దూకు" అని తోసింది.
తాను మాత్రం ఒక్కనాడూ దిగలేదు.
ఆడపిల్లకు బాయంటే కడవ మునిగేంత లోతే.
గట్టుమీద నిలబడి మోకు వదిలేది, లాగేది,
వదిలేది, లాగేది.
రాత్రిపూట సంగటి ముద్ద పట్టుకోలేక
అరచేతులు ఊదుకునేది.

పైనుంచి కేక: మునగండి!
ఊపిరి బిగబట్టి మునిగినా.
మొదట ఏమీ లేదు.
తర్వాత ఆ పచ్చదనం ఒకచోట చిక్కబడింది.
చిక్కదనానికి నోరు వచ్చింది.

రివర్సు లారీకీ గోడకూ నడుమ నిలబడినోనికి
తెలుస్తుంది ఆ కొలత.
కానీ చప్పుడు లేదు. తోక ఆడిందో లేదో.
పక్కటెముకల మీద పాత గాట్లు,
ఏ డాక్టరూ కుట్టకుండా మానినవి.
కడుపు మాత్రం తెల్లగా,
కొత్తగా సున్నం కొట్టిన గోడ మాదిరి.

కన్ను దగ్గరికొచ్చింది.
కోపం లేదు దాంట్లో. దయ కూడా లేదు.
బాకీ వసూలుకు వచ్చినోడు
మనిషిని ఇడిసిపెట్టి ఇంటిని చూస్తాడే, అట్లా
నన్నూ కమ్మీనీ ఒకే చూపుతో చూసింది.
నా చేయి దానంతటదే నడుం దగ్గరికి పోయింది.

మోకు లేదు.

ఊరికొచ్చి టీ అంగట్లో చెప్తే
"దస్తగిరీ, సొరకాయలు బాగా కోస్తాండావే" అన్నారు.
ఫోన్ తీసి చూపించినా.
దాంట్లో పచ్చనీళ్లూ, నంద్యాల డీలరు బట్టతలా.
కంపెనీ ఇంజనీరు ఒక్కడే నవ్వలేదు.
మన నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగేనంట.
ఆ లెక్కన ఇరవై ఏండ్లుగా నేను
సముద్రాన్ని మూటలు కట్టి అమ్ముతున్నా,
అప్పుకి గూడా.

మొన్న అక్క వచ్చింది,
బాత్రూము గోడకు రెండు మూటలు కావాలని.
గోడౌను వాకిట్లో నిలబడి అంతా వినింది.
ఆ గోడౌను కిందనే బాయి.
పూడ్పించింది నేనే. ఆ మాట మేం మాట్లాడుకోం.

ఎంత పొడుగని అడగలేదు. ఎన్ని పండ్లని అడగలేదు.
"పైన మోకు ఎవురు పట్టుకున్న్యారా?"

గొలుసు గురించి చెప్పబోయినా,
పడవ గురించి, ఆ నవ్విన పిల్లోని గురించి.
చివరికి "మిషన్‌క్కా" అన్నా.

సొరను నమ్మిన మొహం అప్పుడు మారింది.
"సొరకాయలు కోయాకురా" అనింది.
మూటలు ఆటోలో ఎక్కించుకుని
దుడ్లు లెక్కబెట్టి నా చేతిలో పెట్టి
పోయింది.